పరుపు పట్టేంత దారి

మా ఇంటి గుమ్మం నుంచి వీధిలోకి అరవై మూడు అడుగుల దారి ఉంది. వెడల్పు నాలుగడుగుల నాలుగంగుళాలు. ఈ అంకెలు కోర్టువారు మనిషిని పంపి, టేపు పట్టించి, కాగితం మీద ఎక్కించినవి. అంతకుముందు మాకు తెలిసిన కొలత ఒకటే. డబుల్ పరుపును మడిచి ఇద్దరు మనుషులు చెరో చివరా పట్టుకుని నడిస్తే, ఎవరి మోచెయ్యీ గోడకు గీరుకోకూడదు. అంత దారి.

ఆ దారిని మాకు మిగిల్చింది మా తోడికోడలు. ఊళ్ళో అందరూ పరుపులక్క అంటారు. నాకంటే ఏడేళ్లు పెద్దది. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. పొడుగు మనిషి, ఎముకలు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. కనుబొమల్లో ఎప్పుడూ దూది పోగులుంటాయి, జడముడిలో దబ్బనం గుచ్చి ఉంటుంది. ఆ దబ్బనంతోనే పరుపు కుడుతుంది, దానితోనే వీపు గోక్కుంటుంది, ఎవరైనా బేరం మితిమీరి ఆడితే దాన్ని బయటికి తీసి వాళ్ల ముఖంలోకి చూస్తూ దారం ఎక్కిస్తుంది. అప్పుడిక బేరం ఉండదు.

అన్నదమ్ములిద్దరూ కలిసి ఈ ఇల్లు కొన్నారు. బావగారు, అంటే అక్క భర్త, పెద్దవాడు. మా ఆయన చిన్నవాడు. అప్పటిదాకా అద్దె షెడ్డులో దూది ఏకేవాళ్లం. వీధిలో ముందొక ఇల్లు, దాని వెనకింట్లో ఒక పెద్ద హాలు, రెండు గదులు అమ్మకానికి ఉన్నాయంటే నలుగురం వెళ్లి చూశాం. పరుపుల పనివాళ్లు ఇల్లెలా చూస్తారో అలాగే చూశాం. దూది తడిస్తే చచ్చినట్టే కాబట్టి కప్పు కారుతోందా అని చూశాం. నేల మీద దూది పరచడానికి చోటుందా అని చూశాం. బావగారు మహా తెలివైనవాడినని చెప్పి షెడ్డు నుంచి ఒక డబుల్ పరుపు తెప్పించి, మా ఆయన్ని రెండో చివర పట్టుకోమని, ముందింటి గోడ పక్కనున్న ఆ దారిలో వీధి దాకా మోసుకెళ్లి తిరిగి తెచ్చాడు. పట్టింది. "ఇంకేం, మనదే" అన్నాడు.

రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు రాసినాయన హద్దులు చదివి వినిపించాడు. తూర్పున ఫలానావారి గోడ, పడమరన ఫలానావారి గోడ, ఉత్తరాన మురుగుకాలువ, దక్షిణాన ముందింటివారి స్థలం. నలుగురం తలలూపుతూ విన్నాం. నాలుగు దిక్కులా పరాయివాళ్లే ఉంటే మేం మా ఇంట్లోకి ఆకాశంలోంచి దూకుతామా అన్న ప్రశ్న ఒక్క బుర్రకీ తట్టలేదు. దారిని పరుపుతో కొలిచాం గానీ కాగితంలో వెతకలేదు. నడిచే దారి మొత్తం ముందింటాయన స్థలంలో ఉంది. మా దస్తావేజులో దాని ఊసే లేదు.

ఆ సంగతి మాకు చెప్పింది ముందింటాయనే. భూముల ఫైళ్లు చూసే ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. దారి మొదట్లో వీధి వైపు ఇనుప గేటు పెట్టించాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని గేటాయన అనేవాళ్లు. మేం చేరిన నాలుగు నెలలకు ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటుకి తాళం వేస్తానమ్మా. ఏడాదికి ఒక్క రోజు వేస్తాను. ఏమీ అనుకోవద్దు."

"ఎందుకండీ?" అంది అక్క.

"స్థలం నాదని గుర్తుండటానికి."

"ఎవరికి గుర్తుండాలి? మీకా, మాకా?"

"అందరికీనమ్మా. ఒక్క రోజైనా మూయకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే, రేపు నడిచినవాళ్లు దారి మాదేనంటారు. ముప్పై ఏళ్లు అలాంటి ఫైళ్లే చూశాను. మీకు పనుంటే మా ముందుగదిలోంచి వెళ్లండి. నేనే తలుపు తీస్తాను."

ఆయన వెళ్లాక బావగారు పొంగిపోయాడు. "ఎంత మర్యాదస్తుడో చూశావా? సొంత గదిలోంచి వెళ్లమంటున్నాడు."

"మర్యాదస్తుడే" అంది అక్క. "ఆయన తలుపు తీస్తే మనం బయటికి పోతాం. బాగానే ఉంది. తియ్యబుద్ధి కాని రోజున?"

మర్నాడు మధ్యాహ్నంలోగా హాస్టలుకు ఎనిమిది పరుపులు వెళ్లాలి. పొద్దున్నే చూస్తే గేటుకి అరచేతంత తాళం. బావగారు, మా ఆయన ముందింటి తలుపు కొట్టాలా వద్దా అని గుసగుసలాడుకుంటున్నారు. అక్క గేటు చుట్టూ తిరిగి చూసింది. ఒంటి రెక్క గేటు. ఒకవైపు తాళం, రెండోవైపు గోడకు దించిన రెండు సీలల మీద కూర్చుని ఉంది.

"ఏమే, ఆ చివర పట్టు. పైకి ఎత్తు."

ఎత్తాం. తాళం ఉన్న వైపు గొలుసు మీద వేలాడుతూ గేటు సీలల మీద నుంచి లేచి వచ్చింది. గోడకు ఆనించాం. ఎనిమిది పరుపులూ రిక్షాలోకి ఎక్కించాం. తిరిగొచ్చి గేటును మళ్లీ సీలల్లో కూర్చోబెడుతుంటే ఆయన బయటికి వచ్చాడు.

"ఏమ్మా! తాళం వేసి ఉంటే కనబడలేదా?"

"కనబడింది పెద్దాయనా. దాని జోలికి పోలేదు. చూసుకోండి, వేసింది వేసినట్టే ఉంది."

"నా గేటు ఊడదీశావు!"

"మళ్లీ తగిలించాగా? కింద సీల తుప్పు పట్టింది. కాస్త నూనె వేయండి, కిర్రుమంటోంది."

"మా గదిలోంచి వెళ్లమని నిన్ననే చెప్పాను కదా?"

"మీ గదిలో అద్దాల బీరువా ఉంది. పరుపు తగిలి పగిలితే మళ్లీ అదొక పేచీ. అయినా నా గుమ్మానికి దారి ఉండగా మీ సోఫా పక్కనుంచి దొంగలా పోవడం దేనికి?"

"నీ దారి అని ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదు. నడుస్తున్నాను."

ఆయన తిట్లు వీధి చివరి దాకా వినబడ్డాయి. అక్క తిరిగి తిట్టలేదు. హాల్లోకి వచ్చి కూర్చుని దబ్బనంలో దారం ఎక్కించింది. బావగారు మాత్రం రోజంతా బిక్కచచ్చి తిరిగాడు.

అప్పటినుంచి ఇరవై ఆరేళ్లు ఇదే వరస. ఏడాదికొకసారి ఆయన ముందురోజు వచ్చి చెప్పేవాడు, మర్నాడు తాళం వేసేవాడు, మేం గేటు ఎత్తేవాళ్లం, ఆయన తిట్టేవాడు. ఒక ఏడాది గేటుతో పాటు దారికి అడ్డంగా పదహారు పూలకుండీలు పెట్టించాడు. ఒక్కొక్కటీ పక్కకు జరిపి, పని అయ్యాక మళ్లీ అదే వరసలో పెట్టాం. వాటికి నీళ్లు కూడా పోశాం. ఇంకో ఏడాది కుర్చీ వేసుకుని దారి మధ్యలో తానే కూర్చున్నాడు, పేపరు చదువుతూ. "కాస్త తల వంచండి పెద్దాయనా" అని పరుపును ఆయన తల మీదుగా దాటించాం. కుట్టులోంచి రాలిన దూది ఆయన పేపరు మీదా, చెవుల మీదా పడింది. తుమ్మి తుమ్మి ఆయన తిట్టడమే మర్చిపోయాడు.

మిగతా రోజుల్లో ఈ ఇద్దరూ శత్రువులేమీ కాదు. ఆయన పరుపు గట్టిపడితే అక్కే విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేది. మా కరెంటు బిల్లులో ఏముందో ఆయనే చదివి చెప్పేవాడు. మధ్యలో బావగారు పోయాడు. ఆ తరువాత కూడా తాళం మానలేదు, గేటు ఎత్తడమూ మానలేదు.

నేనొకసారి విసుక్కున్నాను. "ఎందుకక్కా ఏటా ఈ రభస? ఒక్క మాట అడిగితే ఆయనే తీస్తాడు కదా?"

"తీస్తాడు. అదే నాకొద్దు. అడిగి నడిస్తే అది ఆయన దారవుతుంది. ఇచ్చినవాడు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెనక్కి తీసుకుంటాడు. నేనిక్కడ అద్దెకు లేనే."

నాలుగో తరగతి దాకా చదివిన మనిషి అన్న మాట ఇది. దానికి చట్టం పుస్తకంలో ఒక పెద్ద పేరుందని మాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

గేటాయన పోయాడు. ఆయన పిల్లలు ఇల్లు అమ్మేశారు. కొన్నవాడు ఆ ఇల్లు పడగొట్టి వరసగా షాపులు కట్టాలనుకున్నాడు. గోడకు గోడ ఆనించి మా దారితో సహా మొత్తం కట్టేస్తే ఇంకొక షాపు కలిసొస్తుంది. షాపులాయన అందామతన్ని. వయసు నలభై లోపు, చొక్కా జేబులో రెండు పెన్నులు, నోట్లో చక్కెర.

దారి పోతే మాకు మిగిలేది వెనక మురుగుకాలువ పక్కనున్న సందు. మనిషి పక్కకు తిరిగి పొట్ట లోపలికి లాక్కుంటే పడుతుంది. పరుపు పట్టదు. పరుపు వీధిలోకి వెళ్లకపోతే మాకు బతుకు లేదు. దారి లేని ఇంటిని కొనేవాడూ ఉండడు, షాపులాయన తప్ప. అతను అడిగిన ధరకే ఇవ్వాలి. అతనికీ ఆ సంగతి తెలుసు.

ఒక మధ్యాహ్నం అట్ట ఫైలు పట్టుకుని వచ్చాడు. వంగి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"పెద్దమ్మా, కట్టడం మొదలుపెట్టేదాకా మీరు నిక్షేపంగా నడవండి. నాకేం అభ్యంతరం లేదు. పైసా అడగను. ఊరికే ఈ కాగితం మీద మీరిద్దరూ, అన్నగారూ సంతకాలు పెడితే చాలు. ఒట్టి ఫార్మాలిటీ."

కాగితం నా చేతికొచ్చింది. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. "స్థలయజమాని దయతో అనుమతించినందున మేము ఈ దారిని వాడుకొనుచున్నాము. అడిగిన వెంటనే మానివేయగలము." అక్క రెండుసార్లు చదివించుకుంది.

"దయతో అన్న మాట కొట్టేయ్ బాబూ."

"అది కొట్టేస్తే ఇంక ఈ కాగితం ఎందుకు పెద్దమ్మా?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఎందుకు?"

అతను నవ్వాడు. "మీరు చాలా గడుసువారు."

"గడుసుదాన్నయితే ఇంత ఎండలో నిన్ను నిలబెట్టి మాట్లాడను, కుర్చీ వేసి టీ ఇచ్చి నీ చేతే ఏదో ఒకటి రాయించుకునేదాన్ని. వెళ్లిరా."

కుర్చీ వేసే తెలివి అతనికుంది. రెండో రోజు మా ఆయన్ని తన ఆఫీసుకు పిలిపించి, ఫ్యాను కింద కుర్చీ వేసి, అన్నగారూ అన్నాడు. మా ఆయనకు ఆ మాట చాలు. ఇంట్లో ఎవరూ అలా పిలవరు. సంతకం పెట్టేసి వచ్చాడు. అంతటితో ఆగలేదు, పాత గేటాయన ఎంత మంచివాడో కథలు కథలుగా చెప్పి మరీ వచ్చాడు.

"గొడవలు ఎందుకని పెట్టానే" అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషిని ఆ సాయంత్రం నేనన్న మాటలు ఇక్కడ రాయను. అచ్చు వేసేవాళ్ల మర్యాద కూడా చూడాలి. అక్క ఒక్క మాట కూడా తూలలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఏం మరిదీ, నీ పేరు మీద పెట్టావా, అందరి పేరు మీదా పెట్టావా?"

"నా పేరేగా వదినా నాకు వచ్చు."

"అయితే ఇంకా కొంప మునగలేదు" అంది.

వారం తిరక్కుండా దారి మొదట్లో ఇటుకలు దింపారు. తాపీమేస్త్రి దారం కట్టి పునాది గీత గీస్తున్నాడు. అక్క ఆ దారం మీదుగా పరుపు పట్టుకుని దాటింది. వెనక చివర నేనున్నాను.

"అమ్మా, ఇటు నుంచి పోకూడదంట. ఓనరు చెప్పాడు."

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. నీ పని నువ్వు చేశావు నాయనా. పక్కకు జరుగు, తాపీ తగిలి గుడ్డ చిరుగుతుంది."

ఆ పరుపు వెళ్లింది ఒక లాయరమ్మ ఇంటికే. మేం పరుపు దించాం, కథంతా చెప్పాం. వయసులో నా కూతురంత ఉంటుంది. విన్నంతసేపూ పరుపు మీదే కూర్చుని, అక్కనే చూసింది.

"నేల అతనిదే" అంది. "అందులో సందేహం లేదు. కానీ ఒకరి నేల మీద ఇంకొకరికి నడిచే హక్కు ఉండొచ్చు. కాగితంలో లేకపోయినా ఏళ్ల తరబడి నడకవల్ల వస్తుంది. ఇరవై ఏళ్లకు తక్కువ కాకూడదు. చాటుగా నడిచి ఉండకూడదు. కొట్లాడి, విరగ్గొట్టి నడిచి ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అనుమతి తీసుకుని నడిచి ఉండకూడదు. అనుమతి తీసుకుంటే నూరేళ్లు నడిచినా అది దయే, హక్కు కాదు."

"అర్థమైంది" అంది అక్క. "గుడ్డ తెచ్చినవాళ్లదే, కుట్టు మాది. గుడ్డ మీద మాకు ఆశ లేదు. కుట్టు విప్పుతానంటేనే పేచీ."

లాయరమ్మ ఆ మాట రాసుకుంది. మా ఆయన సంతకం గురించి కూడా అడిగాం. ఇల్లు అన్నదమ్ములిద్దరి పేరు మీదా విడదీయకుండా ఉంది కాబట్టి, బావగారి సగం అక్కకు వచ్చింది కాబట్టి, ఇంట్లో ప్రతి ఇటుకలోనూ ఆవిడకు సగం ఉన్నట్టేనట. ఒక భాగస్తుడు తన హక్కు వదులుకుంటే వదులుకోవచ్చు గానీ, రెండోవాళ్ల హక్కును వాళ్లకు చెప్పకుండా వదిలేయలేడు. ఆ మాట విన్నాక మా ఆయన తల మీంచి బస్తా దించినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. నేను మాత్రం ఇంకో నెల పలకలేదు.

"పోతే, పాత గేటాయన గురించి అవతలి లాయరు మిమ్మల్ని అడుగుతాడు" అంది లాయరమ్మ. "మంచివాడు కదా, దయ గలవాడు కదా అంటాడు. మీరు మర్యాదకు అవును అన్నారంటే అదే అనుమతి అంటాడు. జాగ్రత్త."

కేసు తేలేదాకా కట్టడం ఆపమన్నారు కోర్టువారు. ఏడాదిన్నర తిరిగాం. మా వాయిదా ఎప్పుడూ మధ్యాహ్నానికే వచ్చేది. వరండాలో బెంచీ మీద కూర్చుని అక్క దిండు గలేబులు కుట్టేది. బంట్రోతు వద్దనేవాడు, ఆవిడ విననట్టు నటించేది, నాలుగోసారికి అతనే ఒక దిండు కుట్టమని అడిగాడు.

సాక్ష్యం రోజు వచ్చింది. ముందు నన్ను పిలిచారు. పరుపు రెండో చివర ఇరవై ఆరేళ్లు పట్టుకున్నది నేనేనని చెప్పాను. ఎప్పుడైనా గేటు దగ్గర ఆగి వెనక్కి వచ్చారా అన్నారు. ఒక్కసారి కూడా రాలేదన్నాను. దిగిపోయాను.

తరువాత అక్క ఎక్కింది. అవతలి లాయరు గొంతు తేనెలా ఉంది.

"అమ్మా, గేటును ఊడదీయడం బలవంతం కాదా?"

"ఏం విరిగింది బాబూ? ఏం వంగింది? తీసినదాన్ని తీసినట్టే తగిలించాను. ఆయన వేయకపోతే సీలలకు నూనె కూడా నేనే వేశాను."

జడ్జిగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు. లాయరు గొంతు ఇంకా మెత్తబడింది.

"ఆ పెద్దమనిషి ఎలాంటివారు?"

"మంచివాడు."

మా లాయరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. చెప్పిన జాగ్రత్త గాలికి పోయింది కదా అనుకున్నాను.

"మీ భర్తగారు పోయింది ఏ రోజు? ఏటా గేటుకు తాళం వేసే రోజే కదా?"

మా ఆయన చెప్పిన కథల్లో ఇదొకటని అప్పుడు తెలిసింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన బెంచీ కిందికి దూరిపోయేలా వంగి ఉన్నాడు.

"అవును. ఆ రోజే."

"ఆ రోజు మీరు గేటు ఎత్తారా?"

"లేదు."

"మరి?"

"ఆయన్ని అడిగాను."

లాయరు మొహం వెలిగిపోయింది. "అడిగారా! కాస్త గట్టిగా చెప్పండమ్మా."

"అడిగానని చెప్తున్నాగా. పరుపునైతే ఎలాగైనా దాటించేదాన్ని. మనిషిని అలా దాటించలేను. గేటు ఎత్తడానికి ఆ రోజు నా చేతుల్లో సత్తువ లేదు. ఆయన గుమ్మం ముందుకెళ్లి, ఈ ఒక్క రోజు తియ్యండి పెద్దాయనా అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా వచ్చి తాళం తీశాడు. గేటు తెరిచి పట్టుకుని, అందరం వెళ్లేదాకా ఎండలో నిలబడ్డాడు."

"అంటే ఆయన దయతో, ఆయన అనుమతితోనే నడిచారన్నమాట."

"ఆ రోజు అంతే. ఆయన దయతోనే. అనుమతి అంటే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. అడగాలి, ఆయన లేవాలి, తాళం తియ్యాలి, పట్టుకుని నిలబడాలి. మిగతా ఇరవై అయిదేళ్లలో అలాంటిది ఒక్కసారి లేదు. మరుసటి ఏడు అదే తారీఖున మళ్లీ తాళం వేశాడు. నేను మళ్లీ గేటు ఎత్తాను. మళ్లీ తిట్టాడు. దయతో నడవనిచ్చేవాడు తిడతాడా బాబూ? వీధి మొత్తం విన్నది. కావాలంటే ఏమేం తిట్టాడో వరసగా చెప్తాను, నాకన్నీ గుర్తున్నాయి."

"అవసరం లేదు" అన్నాడు లాయరు.

జడ్జిగారు కల్పించుకున్నారు. "ఆ ఒక్క రోజు సంగతి మీరు చెప్పకుండా దాటేయొచ్చు కదమ్మా? మీ కేసుకు అది నష్టమని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారండీ. కానీ ఆ మనిషి నాకోసం ఎండలో నిలబడ్డాడు. అది లేదని ఎలా అంటాను? ఆ మంచి ఆయనది, ఆయనకే ఉండనివ్వండి. ఈ షాపులబ్బాయి ఇల్లు కొన్నాడు గానీ ఆ మంచితనాన్ని కూడా కలిపి కొన్నట్టు మాట్లాడుతున్నాడు. అది దస్తావేజులో ఉందేమో చూడమనండి."

మెట్లు దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "గలేబు ఏదే?" అంది.

తీర్పు మూడు నెలలకు వచ్చింది. నేల షాపులాయనదే. దాని మీద మా ఇంటివాళ్లకు నడిచే హక్కు, పరుపులు మోసుకెళ్లే హక్కు ఉంది. బండి నడపకూడదు, సామాను నిలవ పెట్టకూడదు. అతను గేటు పెట్టుకోవచ్చు గానీ తాళం వేయకూడదు. ఆ హక్కు అక్కదో నాదో మాత్రమే కాదట, ఇంటితో పాటే ఉంటుందట. రేపు ఈ ఇల్లు ఎవరు కొన్నా, ఆ స్థలం ఎవరు కొన్నా అలాగే ఉంటుందట. మా ఆయన పెట్టిన సంతకం అక్క హక్కును తాకదని కూడా రాశారు. ఆ వాక్యాన్ని ఆయన చేతే నాలుగుసార్లు చదివించాను.

షాపులాయన పై కోర్టుకు పోతానని ఎగిరాడు, పోలేదు. దారి వదిలేసి, ఒక షాపు తగ్గించుకుని కట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, బాగానే కట్టాడు. ఏడాది తిరిగేసరికి అద్దాలు, దీపాలు, నున్నటి మెట్లు. తెరిచే రోజు ఖాయం చేసుకుని, దానికి రెండు రోజుల ముందు మా ఇంటికి వచ్చాడు. ఈసారి ఫైలు లేదు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"పెద్దమ్మా, ఎల్లుండి షాపులు తెరుస్తున్నాను. పెద్దపెద్దవాళ్లు వస్తారు. దారి మొదట్లో కుర్చీలు వేయించాలి. ఆ ఒక్క పూట మీరు అటు నుంచి రాకుండా ఉంటే... మీరు సరేనంటేనే. అడుగుతున్నాను."

అతను నిజంగానే అడిగాడు. ఆ గొంతులో చక్కెర లేదు. నాకైతే పోనీ అనిపించింది. మా ఆయన అప్పుడే తల ఊపేశాడు కూడా. నేను చూసిన చూపుకి ఊపడం ఆపాడు.

అక్క కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"ఎల్లుండి కుదరదు నాయనా. పరుపు వెళ్లాలి."

"మధ్యాహ్నం పంపుకోండి పెద్దమ్మా."

"పొద్దున్నే వెళ్లాలి. కుర్చీలు వేయించుకో. మధ్యలో నాలుగడుగుల నాలుగంగుళాలు వదిలి వేయించు, సరిపోతుంది."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను ఉండబట్టలేకపోయాను.

"ఎల్లుండి మనకు ఏ ఆర్డరూ లేదు కదక్కా. ఎవరికి పంపాలి పరుపు?"

"లేదు" అంది. "పెద్ద హాస్పిటల్ గేటు దగ్గర కూర్చునే ఆ ముసలి వాచ్‌మన్ అట్టల మీద పడుకుంటున్నాడు. ఆయనకిద్దాం."

"ఊరికేనా?"

"నా దారిలో నేను ఏం మోసుకెళ్తే నీకెందుకే? గుడ్డ కొలువు. లే."

రెండు రోజులు కూర్చుని సింగిల్ పరుపు కుట్టాం. అనుకున్న రోజు పొద్దున, కొత్త బట్టలేసుకున్న జనం రెండు వైపులా కుర్చీల్లో ఉండగా, మధ్యలో వదిలిన చోటులోంచి పరుపు పట్టుకుని నడిచాం. ముందు అక్క, వెనక నేను. మా ఆయన కూడా వచ్చి మధ్యలో ఒక చెయ్యి వేశాడు. అవసరం లేదు, సింగిల్ పరుపుకి ఇద్దరు చాలు. అయినా తియ్యమని అక్క అనలేదు.

"జరగండి, జరగండి, కాళ్లు లోపలికి పెట్టుకోండి" అంటూ పోతోంది. ఎవరో పెద్దమనిషి లేచి నిలబడి ఎవరీవిడ అని షాపులాయన్ని అడిగాడు.

"వెనకింటావిడ" అన్నాడతను. "ఈ దారి వాళ్లది."